సిస్టమ్ సందేహాలు: కార్డు తర్వాత, ముందు డబ్బా మూత విప్పండి

గేమింగ్ కోసం పాత కంప్యూటర్‌ను అప్‌గ్రేడ్ చేసుకోవడం మీద ఈ నెల వచ్చిన ఉత్తరాలకు, హనుమకొండలో సర్వీసింగ్ దుకాణం నడిపే మా శీర్షిక నిర్వాహకుడి జవాబులు.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. నయీంనగర్‌ల రూమ్ తీసుకొని డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. మా మామ 2018ల కొన్న సిస్టమ్ నాకిచ్చిండు. రైజెన్ 3 2200జీ, ఏ320 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒక్కటే స్టిక్, 1 టీబీ హార్డ్ డిస్క్. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) క్యాబినెట్‌తోటి వచ్చిందే, 450 వాట్లు అని రాసుంది. మానిటర్ 60 హెర్ట్జ్. ఎక్కువ వాలరెంట్ ఆడుత, అప్పుడప్పుడు జీటీఏ 5. ఫైట్ మొదలుకాంగనే ఆగి ఆగి నడుస్తది. పత్తి అమ్మినంక బాపు 25 వేలు ఇస్తనన్నడు. దుకాణంల అడిగితే ఆర్‌టీఎక్స్ 3050 పెట్టుకో, అన్నీ ఆడుతయ్ అన్నరు. పెట్టుకోవాల్నా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: వద్దు తమ్మీ, ఇప్పుడైతే వద్దు. 3050 చెడ్డ కార్డని కాదు. నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి రోగం కార్డు దగ్గర లేదు.

వాలరెంట్ పాత సిస్టముల్లో కూడా నడవాలని తయారుచేసిన గేమ్. అందులో గ్రాఫిక్స్ భారం తక్కువ, ప్రాసెసర్ పని ఎక్కువ. నీ 2200జీలో ఉన్నవి నాలుగు కోర్లు (పనిచేసే భాగాలు), నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనులు). గేమూ, దాని వెంట నడిచే యాంటీ చీట్ వ్యాన్‌గార్డూ, దోస్తులతో మాట్లాడే డిస్కార్డూ, వెనక తెరిచిపెట్టి మరిచిపోయిన బ్రౌజరూ అన్నీ ఆ నాలుగు కోర్లనే పంచుకోవాలి. ఊరికే తిరుగుతున్నప్పుడు బాగుండి, పదిమంది ఒకచోట కాల్చుకోవడం మొదలవగానే ఆగుతోందంటే అనుమానం ముందు ప్రాసెసర్ మీదికే పోవాలి.

నా మాట మీద నమ్మకం పెట్టుకోనక్కర లేదు, ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గేమ్ సెట్టింగుల్లో ఫ్రేముల లెక్క, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో, తెర మీద కనిపించేలా పెట్టు. 1920×1080లో ఒక మ్యాచ్ ఆడు, లెక్క గుర్తుపెట్టుకో. తర్వాత రిజల్యూషన్ 1280×720కి దించి, మిగతావేవీ ముట్టకుండా మళ్లీ ఆడు. ఫ్రేములు బాగా పెరిగితే గ్రాఫిక్స్ భాగానికి ఊపిరాడటం లేదన్నమాట. లెక్క పెద్దగా కదలకపోతే అడ్డం పడుతున్నది ప్రాసెసరో ర్యామో. ఫ్రేములు బాగానే ఉండి నడుమ నడుమ బొమ్మ బిగుసుకుపోతూ, ఆ సమయంలో టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంటే అది హార్డ్ డిస్క్ నిర్వాకం. నీ దగ్గర ఈ మూడూ కొంచెం కొంచెం ఉంటాయని నా అంచనా.

ర్యామ్ సంగతి చెప్తా. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, నీ 8 జీబీలోంచే తీసుకుంటుంది. పైగా ఒక్క స్టిక్కే ఉండటం వల్ల ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య 64 బిట్ల దారి ఒక్కటే తెరుచుకుంది. అదే వేగంతో ఇంకో 8 జీబీ స్టిక్ సరైన స్లాటులో పెడితే రెండో ఛానెల్ కూడా పనిచేసి 128 బిట్లవుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని రైజెన్‌లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చేది ఇంకోటి లేదు. కాకపోతే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. కొత్తది అందకపోతే సెకండ్ హ్యాండ్‌ది తీసుకో. ర్యామ్‌లో లోపముంటే చాలాసార్లు మొదట్లోనే తెలిసిపోతుంది, లేదంటే సాధారణంగా ఏళ్ల తరబడి నడుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో నేను ధైర్యంగా కొనమని చెప్పే కొద్ది వస్తువుల్లో అదొకటి.

ఇప్పుడు ఎస్ఎంపీఎస్. నువ్వు 450 అని రాశావు చూడు, అక్కడే నా చెయ్యి ఆగింది. కరెంటు తీసేసి, వెనక రెండు స్క్రూలు విప్పి, ఎడమ వైపు రేకు జరుపు. ఎస్ఎంపీఎస్ పక్కన స్టిక్కరుంటుంది. పైన పెద్దక్షరాల్లో ఉన్న 450ని వదిలెయ్. దాని కింద గళ్లల్లో +3.3, +5, +12 అని వోల్టులు, వాటి కింద ఆంపియర్లు రాసి ఉంటాయి. +12 కింద ఉన్న అంకెను 12తో గుణించు. ప్రాసెసర్‌కూ కార్డుకూ కరెంటు పోయేది దాదాపు అంతా ఆ గడిలోంచే. క్యాబినెట్‌తో ఉత్తగా వచ్చే డబ్బాల్లో ఆ గడిలో 16 అని ఉన్నవి నా బల్ల మీదికి వస్తుంటాయి. పదహారు పన్నెండ్లు 192 వాట్లు. పైన రాసిన దాంట్లో సగం కూడా కాదు. నిజమైన 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌కు ఆ గడిలో 36, 37 ఆంపియర్లు కనిపిస్తాయి. చేత్తో పట్టుకుంటేనే బరువు తేడా తెలుస్తుంది.

అలాంటి డబ్బాకు కార్డు తగిలిస్తే లో వోల్టేజీలో బోరు మోటారు నడిపినట్టే. కొన్నాళ్లు గురగురమని నడుస్తుంది, ఒకరోజు తాను పోతూ బోర్డునూ తీసుకుపోతుంది. కార్డుకు పోవాల్సిన 6+2 పిన్నుల వైరు కూడా దానికి ఉండదు. ‘హార్డ్ డిస్క్ వైరుకు కన్వర్టర్ పెడతాం, ఏం కాదు’ అంటారు. ఒప్పుకోకు. ప్లగ్గు నల్లబడి, కరిగి, కార్డుకే అతుక్కుపోయి వచ్చిన కేసులు చూస్తూనే ఉంటాను. సన్నటి వైరులోంచి లాగకూడనంత కరెంటు లాగితే జరిగేది అదే.

దుకాణంలో చెప్పిన 3050 గురించి ఒక జాగ్రత్త. ఆ పేరుతో రెండు కార్డులున్నాయి. 2022 జనవరిలో వచ్చింది 8 జీబీది, 130 వాట్లు లాగుతుంది. 2024లో వచ్చింది 6 జీబీది, 70 వాట్లే. తేడా మెమరీ ఒక్కదాంట్లోనే అనుకుంటారు. కాదు, లోపలి కోర్లు తక్కువ, మెమరీ దారి 128 బిట్ల నుంచి 96కు తగ్గింది. చిన్నదానికి విడిగా పవర్ వైరు అక్కర లేదు, స్లాటులోంచి వచ్చే కరెంటే చాలు. అది దాని గొప్ప. పెట్టె మీద 6 అని ఉందో 8 అని ఉందో చూడకుండా పైసలు తీయొద్దు.

ఇంకో చిక్కు నువ్వు అడగలేదు కానీ నేను చెప్పాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో నీ 2200జీ లేదు. పేరు 2000 సిరీస్‌దే అయినా లోపల ఉన్నది మొదటి తరం రైజెన్. ఎట్లాగో అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించినా వాలరెంట్ అక్కడ టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఆన్ అయి ఉండాలంటుంది. అంటే ఎట్లా చూసినా మారాల్సింది ప్రాసెసరే.

కాబట్టి నా లెక్క ఇది. ఈ 25 వేలతో రైజెన్ 5 5600జీ, 8 జీబీ స్టిక్ ఇంకోటి, హార్డ్ డిస్క్ కన్నా ఎంతో వేగంగా నడిచే 500 జీబీ ఎస్ఎస్‌డీ, బ్రాంజ్ రేటింగ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్న 550 వాట్ల ఎస్ఎంపీఎస్. దాదాపు మొత్తం అక్కడే అయిపోతుంది. కార్డు లేదేమని మొహం చిన్నబుచ్చుకోకు. 5600జీలో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. దాని గ్రాఫిక్స్‌తోనే, రెండు స్టిక్కులు పెట్టి, సెట్టింగులు తక్కువలో ఉంచితే, నీ 60 హెర్ట్జ్ మానిటర్ చూపించగలిగిన దానికన్నా ఎక్కువ ఫ్రేములే వాలరెంట్ ఇస్తుంది. జీటీఏ 5 పాత వెర్షనూ ఆడుకోవచ్చు. 2025 మార్చిలో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ వెర్షన్ జోలికి మాత్రం కార్డు వచ్చాకే పో. దానికి ఎస్ఎస్‌డీ కూడా తప్పనిసరి.

‘జీ లేని 5600 ఇంకా మంచిదంటున్నరు కదా’ అంటావు. నిజమే. దాని క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, జీకి 16 ఎంబీయే. కార్డు పెట్టాక ఫ్రేముల్లో ఆ తేడా కనిపిస్తుంది. కానీ 5600లో గ్రాఫిక్స్ భాగమే లేదు. కార్డు కొనేదాకా నీ తెర నల్లగానే ఉంటుంది. ఇంకో పంటకు మళ్లీ పైసలు వచ్చినప్పుడు ఆర్‌ఎక్స్ 6600 లాంటి 8 జీబీ కార్డు చూసుకో. అది లాగేది 132 వాట్లు, కావలసింది ఎనిమిది పిన్నుల వైరు ఒక్కటి. నువ్వు ఇప్పుడు కొనే ఎస్ఎంపీఎస్ దానికి ధారాళంగా సరిపోతుంది.

నువ్వు వాలరెంట్ ముట్టకుండా కొత్త పెద్ద గేములే ఆడేవాడివైతే నా జవాబు తలకిందులయ్యేది. ముందు కార్డూ ఎస్ఎంపీఎస్సూ, తర్వాత ప్రాసెసర్ అనేవాణ్ని. అందుకే ఏ ఉత్తరంలోనైనా గేమ్ పేరు లేకపోతే నేను కార్డు పేరు చెప్పను.

చివరగా బయోస్, అంటే బోర్డులోనే ఉండి సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం. నీ ఏ320 బోర్డు కంపెనీ సైటుకు పోయి, ప్రాసెసర్ల జాబితాలో 5600జీ ఉందో లేదో, ఏ బయోస్ వెర్షన్ నుంచి ఉందో చూడు. 2022లో ఏఎండీ పాత 300 సిరీస్ బోర్డులకూ 5000 సిరీస్‌ను తెరిచింది కాబట్టి చాలా బోర్డులకు ఉంటుంది, అన్నిటికీ ఉంటుందని కాదు. పాత ప్రాసెసర్ పెట్టి ఉండగానే బయోస్ ఎక్కించాలి. కొత్తది పెట్టాక బోర్డు దాన్ని గుర్తుపట్టకపోతే అప్డేట్ చేయడానికి తెరే రాదు. ఆ నాలుగైదు నిమిషాలు కరెంటు పోవద్దు. పోతే బోర్డు పోయినట్టే. మబ్బు పట్టి గాలి లేచిన సాయంత్రం ఆ పని పెట్టుకోకు, యూపీఎస్ ఉన్న దోస్తు ఇంటికి డబ్బా మోసుకుపో. జాబితాలో లేకపోతే సెకండ్ హ్యాండ్ బీ450 బోర్డు వెతుకు, అప్పుడు ఎస్ఎస్‌డీ సైజు తగ్గించుకోవాల్సి వస్తుంది.

ప్రశ్న: నమస్కారం సార్. నేను సింగరేణిలో పనిచేస్తాను. మా బాబు కోసం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) డెల్ ఆప్టిప్లెక్స్ 7040 తెచ్చాను. సన్నగా ఉండే చిన్న డబ్బా. కోర్ ఐ5 6500, 8 జీబీ, 256 జీబీ ఎస్ఎస్‌డీ. ఆఫీసు పనికి బ్రహ్మాండంగా ఉంది. బాబు ఇప్పుడు గేములు ఆడతానంటున్నాడు. దీనికి ఏ గ్రాఫిక్స్ కార్డు పడుతుంది?
– ఒక తండ్రి, గోదావరిఖని

జవాబు: అన్నా, మీ డబ్బాకు మూడు హద్దులున్నాయి. ఒకటి ఎత్తు. మామూలు కార్డు పట్టీ 12 సెంటీమీటర్లు, మీ డబ్బాలో పట్టేది 8 సెంటీమీటర్ల లో ప్రొఫైల్ కార్డు మాత్రమే. రెండోది కరెంటు. లోపల ఉన్నది 180 వాట్ల ఎస్ఎంపీఎస్, కార్డుకు విడిగా వైరు లేదు. స్లాటు గరిష్ఠంగా ఇవ్వగలిగేది 75 వాట్లు. ఎస్ఎంపీఎస్ మారుద్దామంటే బజార్లో దొరికే మామూలు సైజుది అందులో కూర్చోదు. మూడోది మందం. కార్డు రెండు స్లాట్ల జాగా తీసుకునేదైతే పక్కన అంత చోటుందో లేదో స్కేలు పెట్టి కొలవండి.

ఈ మూడింటికీ సరిపోయేవి లో ప్రొఫైల్ జీటీఎక్స్ 1650, లో ప్రొఫైల్ ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. కొత్తదే కొనాలనుకుంటే రెండోది. ఆర్‌ఎక్స్ 6400 కూడా చూపిస్తారు, 53 వాట్లే లాగుతుందని మురిపిస్తారు. మీకు వద్దు. ఆ కార్డు బోర్డుతో మాట్లాడేది నాలుగు లేన్ల (డేటా పోయే దారుల) మీదే. కొత్త తరం పీసీఐఈ 4.0 బోర్డుల్లో ఎట్లాగో నెట్టుకొస్తుంది. మీ ఆరో తరం బోర్డుది 3.0, అక్కడ వేగం సగమవుతుంది. 4 జీబీ మెమరీ నిండగానే గేమ్ నత్తనడకకు వస్తుంది.

ఇంకో 8 జీబీ ర్యామ్ కలపండి. అంతకుమించి ఈ డబ్బా మీద పెట్టొద్దు. ఆరో తరం ఇంటెల్‌కు కూడా విండోస్ 11 అర్హత లేదు, నాలుగు కోర్ల నాలుగు థ్రెడ్ల కథే ఇక్కడా. కార్డు ఎటూ పోదు, రేపు ఇంకో సిస్టమ్‌కు మారుతుంది. ఈ ఉత్తరం చదివి రీఫర్బిష్డ్ కొనడానికి కాజీపేటలో రైలెక్కేవాళ్లకు ఒక మాట: అదే మోడల్‌లో టవర్ డబ్బా కూడా ఉంటుంది, ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది. గేముల ఆలోచన ఏ మూలనున్నా టవర్‌దే తెచ్చుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం. రంగురంగుల లైట్లు వెలిగే ర్యామ్, లైట్ల ఫ్యాన్లు, అద్దం తలుపు క్యాబినెట్ ఉంటేనే గేమింగ్ కంప్యూటర్ అంటాడు. వాటి వల్ల వేగం పెరుగుతుందా? లేకపోతే మమ్మల్ని మోసం చేస్తున్నాడా?
– గృహిణి, కరీంనగర్

జవాబు: లైట్ల వల్ల ఒక్క ఫ్రేమూ పెరగదమ్మా. అబ్బాయి మోసం చేయడం లేదు, వీడియోల్లో చూసి ముచ్చటపడుతున్నాడు. అద్దం తలుపు పర్వాలేదు. ముందు భాగం కూడా అద్దంతో మూసేసిన క్యాబినెట్ మాత్రం వద్దనండి. గాలి లోపలికి పోదు, మన ఎండలకు అది పనికిరాదు. ముందు జాలీ ఉండి, ముందో ఫ్యాను, వెనకో ఫ్యాను ఉన్నది చాలు. లైట్ల మీద మిగిలిన డబ్బు కార్డులోకి మళ్లిస్తానంటే వాడే ఒప్పుకుంటాడు చూడండి. ఒక్క ఫ్యానుకు లైటు ఉండనివ్వండి, పిల్లవాడు కదా.

ప్రశ్న: మాది ఎనుమాముల. ఇంటి పక్కనే పత్తి కాటాలు, మిర్చి బస్తాలు. ఐ5 12400ఎఫ్, జీటీఎక్స్ 1660 సూపర్ ఉన్న సిస్టమ్. చలికాలం బాగానే ఆడిన. ఉగాది దాటినంక మధ్యాహ్నం పూట గేమ్ పెడితే అరగంటకు స్లో అవుతుంది, ఒక్కోసారి టప్పున బందైతది. కార్డు మార్చమంటారా, పెద్దది వేసుకుంటే తట్టుకుంటదా?
– ప్రైవేటు ఉద్యోగి, వరంగల్

జవాబు: కార్డు మార్చితే వేడి ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు రోగాలున్నాయి, వాటిని విడదీద్దాం. మెల్లమెల్లగా స్లో అవడం వేడి లక్షణం. మీ ప్రాసెసర్ హద్దు 100 డిగ్రీలు, అది దగ్గరపడగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ప్లగ్గు పీకినట్టు ఒక్కసారిగా బందవడం చాలాసార్లు ఎస్ఎంపీఎస్ పని. వేడెక్కిన ఎస్ఎంపీఎస్ చల్లగా ఉన్నప్పుడు ఇచ్చినంత ఇవ్వలేదు.

మే నెలలో మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే. రేకుల గది అయితే ఇంకా ఎక్కువ. గదిలో ఎన్ని డిగ్రీలు పెరిగితే డబ్బా లోపలా ఇంచుమించు అన్ని పెరుగుతాయి. జనవరిలో 78 దగ్గర నడిచిన ప్రాసెసర్ ఇప్పుడు హద్దుకు ఆనుకుంటుంది. దానికి తోడు మీ ఏరియా. మార్కెట్ వైపు నుంచి వచ్చే సిస్టముల్లో నేను చూసేది మామూలు దుమ్ము కాదు. పైనుంచి చూస్తే ఫ్యాను శుభ్రంగానే తిరుగుతుంటుంది. నాలుగు పిన్నులు తిప్పి కూలర్‌ను పైకి తీసి, ఫ్యాను విడదీస్తే, దాని కిందికీ అల్యూమినియం రెక్కల పైకీ మధ్య పత్తి నూగు మందంగా పేరుకుని ఉంటుంది. గోరుతో పట్టి లాగితే మొత్తం ఒక్క తునకగా ఊడొస్తుంది. గాలి రెక్కల్లోకి దిగడం ఎప్పుడో ఆగిపోయింది, ఫ్యాను ఉత్తగనే తిరుగుతోంది.

కార్డుకు కూడా అదే పరిస్థితి ఉంటుంది. ఆరుబయట పెట్టి బ్లోయర్‌తో కొట్టండి, కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. వదిలేస్తే గాలికి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. కూలర్ తీశారు కాబట్టి ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే పాత పేస్టు తుడిచి కొత్తది శనగగింజంత పెట్టండి. మిర్చి సీజన్‌లో ఈ పని చేసేవాళ్లు ముక్కుకు దస్తీ కట్టుకోవాలి. నవ్వులాటకు చెప్పడం లేదు, ఒకసారి బ్లోయర్ కొడితే దుకాణంలో అందరమూ తుమ్ముకుంటూ బయటికి పరుగెత్తుతాం.

తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని, గేమ్ ఆడుతూ ప్రాసెసర్, కార్డు రెండింటి డిగ్రీలు చూడండి. 85 లోపల నిలబడితే స్లో అవడం పోతుంది. అప్పటికీ టప్పున బందవుతుంటే ఎస్ఎంపీఎస్ మార్చాల్సిందే. ఇంకో మాట, డబ్బాను బల్ల కింద అరలో మూసిపెట్టి ఉంటే బయటికి తీయండి.

ప్రశ్న: పాత వస్తువులు అమ్మే యాప్‌లో ఆర్‌ఎక్స్ 580 8 జీబీ చాలా తక్కువ ధరకు కనిపించింది. క్రిప్టో కరెన్సీ మైనింగ్‌లో రాత్రింబవళ్లు వాడిందేమో అని భయం. తీసుకోవచ్చా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: మైనింగ్ ఒక్కటే కారణమైతే నేను అంతగా భయపడను. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ పద్ధతి నుంచి తప్పుకున్నాక అలాంటి కార్డులు కుప్పలుగా బజార్లోకి వచ్చాయి. వాటిలో బాగా నడుస్తున్నవి చాలా ఉన్నాయి. ఫ్యాన్లు అరిగిపోవడం, వేడిని లాగే ప్యాడ్లు ఎండిపోవడం మామూలు, అవి మార్చుకోవచ్చు. నా అభ్యంతరాలు వేరే. ఇది 2017 నాటి కార్డు. 185 వాట్లు లాగుతుంది, అంటే దీనికోసం మంచి ఎస్ఎంపీఎస్ కొనాలి, అక్కడ పొదుపంతా పాయె. కొత్త గేములకు తగ్గట్టు డ్రైవర్లు మెరుగుపరిచే జాబితా నుంచి ఏఎండీ దీన్ని 2023లోనే పక్కన పెట్టింది. పైగా 580 పేరుతోనే 2048ఎస్పీ అనే తగ్గించిన రకం తిరుగుతోంది. అసలుదానికి 2304 షేడర్లు (బొమ్మలు గీసే చిన్న కోర్లు), దానికి 2048.

అయినా తీసుకోవాలనిపిస్తే, అమ్మేవాడి ఇంట్లోనే సిస్టమ్‌కు పెట్టించి జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో షేడర్ల సంఖ్య చూడు. అరగంట పెద్ద గేమ్ ఆడి చూడు. తెర మీద చుక్కలు, గీతలు రాకూడదు. ‘కొరియర్‌లో పంపిస్తా, ముందు ఫోన్‌పే కొట్టు’ అన్నవాడికి ఫోన్ పెట్టేయ్.

ప్రశ్న: ఆర్‌ఎక్స్ 6600 కొని పెట్టించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. గేమ్‌లో తేడా ఏమీ లేదు!
– జనగామ

జవాబు: మానిటర్ వైరు ఇంకా బోర్డుకే ఉందేమో చూడండి. డబ్బా వెనక పైన ఉన్న హెచ్‌డీఎంఐ బోర్డుది, కింద అడ్డంగా ఉన్నవి కార్డువి. వైరు కిందికి మార్చండి. పాత మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే కొత్త కార్డుల్లో ఆ పోర్టు ఉండదు, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న కన్వర్టర్ కొనుక్కోవాలి.

ప్రశ్న: పార్టులు హన్మకొండలో కొనాలా, సికింద్రాబాద్ పోవాలా, ఆన్‌లైన్లో తెప్పించాలా? మీరు దుకాణదారులు కాబట్టి నిజం చెప్తారో లేదో!
– నర్సంపేట

జవాబు: చెప్తాను. ప్రాసెసర్, ఎస్ఎస్‌డీ ఎక్కడ చవకైతే అక్కడ కొనండి. సీల్ పెట్టె, మోడల్ నంబరు ఒకటే, ఎక్కడైనా అదే వస్తువు. బోర్డు మాత్రం దగ్గర్లో కొనండి. పిన్ను వంగినా, బయోస్ మొండికేసినా, ర్యామ్ స్లాటు పనిచేయకపోయినా రోజుకోసారి రైలెక్కలేరు. కార్డు, ఎస్ఎంపీఎస్ ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. ‘బిల్లు వద్దంటే 18 శాతం తగ్గుతుంది’ అనేవాళ్లుంటారు. రెండేళ్ల తర్వాత కార్డు మొరాయించిన రోజు వారంటీ కోసం మీ చేతిలో ఏ కాగితమూ ఉండదు. సికింద్రాబాద్ పోతే ఒకే దుకాణంలో అన్నీ తీసుకోకండి, పైకీ కిందికీ నాలుగు అంతస్తులు తిరిగి ధరలు రాసుకుని తర్వాత బేరం మొదలుపెట్టండి. అట్లని మూడు వందల తేడా కోసం రైలు చార్జీ, ఒక పూట భోజనం, ఒక రోజు జీతం పోగొట్టుకునేవాళ్లనూ చూస్తుంటాను.

ప్రశ్న: నేను నెట్ సెంటర్ నడుపుతాను. సాయంత్రం పిల్లల కోసం ఒక సిస్టమ్‌ను గేములకు మార్చాను: 12400ఎఫ్, ఆర్‌ఎక్స్ 6600. 600 వీఏ యూపీఎస్ ఉంది. కరెంటు పోగానే గేమ్ నడుస్తుంటే యూపీఎస్ కూడా కీచుమని బందైతోంది. గేమ్ లేనప్పుడు బాగానే నిలబడుతుంది. బ్యాటరీ మార్చాలా?
– జగిత్యాల

జవాబు: బ్యాటరీ మూడేళ్లు దాటితే మార్చాల్సిందే, కానీ ముందు లెక్క చూడండి. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు. వెనక స్టిక్కరు మీద వాట్లు విడిగా రాసుంటాయి, ఇలాంటి వాటికి సాధారణంగా 360. గేమ్ నడిచేటప్పుడు మీ సిస్టమ్, మానిటర్ కలిపి 250 వాట్లకు అటూ ఇటూ లాగుతాయి. కాగితం మీద సరిపోతుంది, బ్యాటరీ కొంచెం ముసలిదైనా సరిపోదు. 1000 లేదా 1100 వీఏ యూపీఎస్ తీసుకుంటే గేమ్ ఆపి, సేవ్ చేసి, పద్ధతిగా షట్‌డౌన్ చేసేంత సమయం దొరుకుతుంది. కరెంటు పోయాక కూడా ఆడుకోవాలంటే యూపీఎస్ కాదు, ఇన్వర్టర్ కావాలి. అదీ మారడానికి క్షణం కూడా పట్టని యూపీఎస్ మోడ్ ఉన్నది.

నెట్ సెంటర్ అన్నారు కాబట్టి ఇంకోటి అడుగుతున్నాను. ఆ యూపీఎస్‌కే లేజర్ ప్రింటర్ కూడా తగిలించారా? తగిలించి ఉంటే ఈరోజే దాని ప్లగ్గు తీసి గోడ సాకెట్‌కు పెట్టండి. వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా లాగే కరెంటుకు ఇలాంటి చిన్న యూపీఎస్‌లు తట్టుకోవు.